జర్మన్ కళాగీతాలు మాత్రమే పాడి ఒక బారిటోన్ జీవనం సాగించగలడా?

ప్రశ్న:
కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన నాకు ఈమధ్యనే జర్మన్ కళాగీతాలతో పరిచయం కలిగింది. ఆ భాషలో వీటిని ‘లీట్’ అనీ, బహువచనంలో ‘లీడర్’ అనీ అంటారట (మన రాజకీయ లీడర్లతో వీటికి చుట్టరికం లేదు). బారిటోన్ (మధ్యస్థాయి పురుష కంఠం) గాయకుడు డీట్రిష్ ఫిషర్-డీస్కావ్ పాడిన, స్వరకర్త షూబర్ట్ గీతాలను వింటుంటే ఒక సందేహం కలిగింది. వేషం లేదు, ఆర్కెస్ట్రా లేదు. ఒక గాయకుడు, ఒక పియానో, అంతే. కేవలం ఇటువంటి కచేరీలతోనే ఆయన వృత్తి సాగిందా?

జవాబు 1:
లేదండీ. 1925లో బెర్లిన్‌లో పుట్టిన ఆయన రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఇటలీలో పట్టుబడి, అమెరికన్ల బందీగా ఉన్న శిబిరాల్లోనే తోటి ఖైదీలకు ఈ గీతాలు పాడి వినిపించారు. 1947లో బాడెన్‌వైలర్‌లో అస్వస్థుడైన ఒక గాయకుడి స్థానంలో, రిహార్సల్ కూడా లేకుండా, స్వరకర్త బ్రామ్స్ రాసిన బృందగాన కృతి ‘జర్మన్ రెక్వియెమ్’లో పాడారు. మరుసటి ఏడాది షూబర్ట్ గీతమాల ‘వింటర్‌రైజె’లోని 24 గీతాలను బెర్లిన్ రేడియో కోసం రికార్డు చేశారు. అదే ఏడాది బెర్లిన్ నగర ఒపేరాలో (పాటలతో నడిచే రంగస్థల నాటకశాలలో) ప్రధాన బారిటోన్‌గా చేరారన్న సంగతి మీ ప్రశ్నకు అసలు సమాధానం. గీతాల కచేరీలు కీర్తి తెచ్చాయి గాని, నిలకడైన కొలువు ఇచ్చింది ఒపేరాయే. ఆ పైన రేడియో, ఎల్పీ రికార్డులు కలిసి వచ్చాయి. 1966 మొదలు 1972 వరకు పియానిస్టు జెరాల్డ్ మూర్‌తో కలిసి ఆయన నాలుగు వందలకు పైగా షూబర్ట్ గీతాలను రికార్డు చేశారు. ఇంట్లో కూర్చుని వినే శ్రోత లేకపోతే అంత పెద్ద పనికి పూనుకునే కంపెనీ ఉండేది కాదు.

జవాబు 2:
పియానోను మన పక్కవాద్యంలా భావించకండి. షూబర్ట్ గీతాల్లో రాట్నం తిరగడం, గుర్రం పరుగెత్తడం పియానోలోనే వినిపిస్తాయి. గాయకుడు ఆగిన తరువాత కూడా కథ అక్కడ నడుస్తుంది. మరొక మాట: ‘వింటర్‌రైజె’ మొదట టెనర్‌కు, అంటే హెచ్చుస్థాయి పురుష కంఠానికి, అనువైన స్థాయిలో రాసినది. బారిటోన్లు దానిని కిందికి దించి పాడుకుంటారు, అందుకు తగిన ప్రతులు కూడా విడిగా అచ్చులో దొరుకుతాయి. మనవారు ఎవరి శ్రుతి వారు ఎంచుకోవడం లాంటిదే, కాని శ్రుతి దిగినప్పుడు పియానో మంద్రంలోకి జారి గీతపు రంగు మారుతుంది. ఈ మార్పును కొందరు విమర్శకులు నష్టంగా భావిస్తారు, నాకైతే కొన్ని గీతాలకు ఆ చీకటే సరిపోయిందనిపిస్తుంది.

జవాబు 3:
ఫిషర్-డీస్కావ్ ప్రతి మాటనూ అతిగా విడమరచి పాడతారని, భావం శ్రోతకు వదలరని ఆక్షేపణ ఉంది. ఫ్రెంచి విమర్శకుడు రోలాన్ బార్త్ ఆయన గానంలో కంఠపు ‘రేణువు’ (గొంతులో వినిపించే శరీరపు ఆనవాలు) లేదన్నారు. నేను కొంతవరకు అంగీకరిస్తాను, ముఖ్యంగా తరువాతి రికార్డుల విషయంలో. 1992 చివర ఆయన పాడటం మానినా బోధన మానలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న మాథియాస్ గోర్నె, క్రిస్టియన్ గెర్హాహెర్ ఇప్పుడు ఈ గీతాలకు ప్రసిద్ధులు. వారిద్దరూ ఒపేరాలో కూడా పాడుతారు. గెర్హాహెర్ వైద్యవిద్య చదివినవారు, పియానిస్టు గెరోల్డ్ హూబర్‌తో ఆయన జోడీ యౌవనం నుంచీ సాగుతున్నది. ఫిషర్-డీస్కావ్ తరువాత వీరి ‘వింటర్‌రైజె’ వినండి, గాయకుడు తగ్గి మాట్లాడితే ఆ కవిత్వం ఎలా ఉంటుందో తెలుస్తుంది.