విడాకుల కేసులో లాయర్ల ప్రేమ: నవల నిలుస్తుందా?

ప్రశ్న: ఎదుటి పక్షాల లాయర్లిద్దరూ ప్రేమలో పడే నవల ఇది. పరస్పర అంగీకార విడాకులు వారంలో వచ్చేసినట్టు, హీరో తన క్లయింటు రహస్యం ఎదుటి లాయరైన హీరోయిన్‌కి చెప్పినట్టు రాశాను. నమ్మేలా ఉందా?

జవాబు 1: లేదండీ. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ముందు ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆర్నెల్లు ఆగాలి. 2017 సుప్రీంకోర్టు తీర్పు వల్ల ఆ ఆర్నెల్ల మినహాయింపు అడగొచ్చు, ఇవ్వడం మాత్రం జడ్జి ఇష్టం. అసలు ఆ వాయిదాలే మీ కథకు బలం. ప్రతి వాయిదాకీ కోర్టు వరండాలో కలుస్తారు కదా!

జవాబు 2: అసలు లోపం వేరే. క్లయింటు రహస్యం హీరో ప్రేమకొద్దీ హీరోయిన్ చెవిన వేశాడు. అది లాయర్ల మీద చర్య తీసుకునే బార్ కౌన్సిల్ దాకా పోయే తప్పు, సినిమాలోలా పాటేసుకుని దాటేస్తే కుదరదు.

ప్రశ్న అడిగినవారు: అయితే వకాల్తా వదిలేస్తాడు.

జవాబు 2: సరే, క్లయింటుకు ముందే నోటీసిచ్చి, మిగిలిన ఫీజు వెనక్కిచ్చే సీను కూడా పెట్టండి.