“ఒంటి నున్న నడగు” – అడగునా, అడుగునా?

పద్యప్రియ: బడిలో అనువంశికత పాఠం చెప్పేటప్పుడు మాస్టారు ఒక ఆటవెలది చదివేవారు. ఒకవైపు నుంచే వస్తే దాగి, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే అంతర్గత లక్షణం గురించి. రెండో పాదం ఒక్కటే గుర్తుంది: “ఒంటి నున్న నడగు, జంట వెలుగు”. అది నడగునా, నడుగునా? మిగిలిన మూడు పాదాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అరసున్న: అడఁగు. ఉన్నన్ + అడఁగు. ఒంటిగా ఉంటే అణగి ఉంటుంది, జంట కుదిరితే బయటపడుతుంది. గణాలు లెక్కపెట్టి తేల్చలేం. అడగు, అడుగు, అణగు మూడూ నగణాలే, అంటే మూడేసి లఘువులు. ఒంటి–జంట ప్రాసయతి మాత్రం చక్కగా కుదిరింది.

నిఘంటుప్రేమి: అడఁగుకు నశించడం అనే అర్థమూ ఉంది, అదే చిక్కు. మెండెల్ ఊదా పూల బఠానీని తెల్ల పూలదానితో కలిపితే మొదటి తరమంతా ఊదాయే. వాటిని వాటిలోనే ఫలదీకరణ చెందనిస్తే 705 ఊదా, 224 తెలుపు వచ్చాయి. నశించినది 224 మొక్కల్లో ఎలా లేచింది? కాబట్టి నా ఓటు “అడుగు”కే. ఒంటిది జత నడుగుతుంది, దొరికితే వెలుగుతుంది. పద్యానికి చమత్కారం కూడా దక్కుతుంది.

అరసున్న: చమత్కారం దక్కి శాస్త్రం పోయింది. జన్యువు ఎవరినీ ఏమీ అడగదు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే లోపమున్న జన్యువు ఒంటిగా ఉండి తమకు వ్యాధి లేనివారైతే, ప్రతి గర్భానికీ వ్యాధి అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తరువాతి ముగ్గురికీ రాదనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మీ “అడుగు” వాళ్లకు ఊతమిస్తుంది.

భాగవతాభిమాని: నశించడమూ దాగడమూ ఒకే మాటలో ఇమిడితే తప్పేముంది? పోతన “లోపల నుండు లీనమై” అని, ఆ వెంటనే “ఎవ్వని యందు డిందు” అన్నాడు. డిందడం అంటే నశించడమా, అణగడమా? రెండూ. లీనమైనది మళ్లీ జనిస్తుందనే కదా ఆ పద్యం! అంతర్గతం అనే పారిభాషిక పదం కన్నా “లీనం” ఎంత బాగుండేదో.

నిఘంటుప్రేమి: లీనమైతే కలిసిపోయినట్టు. రంగులు కలిసిపోయినట్టు లక్షణాలు కలిసిపోవని చెప్పడమే మెండెల్ ఘనత. 1866లో అచ్చయిన ఆ మాటను 1900 దాకా పట్టించుకున్నవారు లేరు. పోతనను ఇందులోకి లాగకండి.

భాగవతాభిమాని: లాగలేదు, ఆయనే వచ్చాడు.

సూక్ష్మదర్శిని: అసలు ఎంతవరకు అడగిందో ఎవరూ అడగరేం? బీటా తలసీమియా అనే అంతర్గత రక్తవ్యాధి వాహకులు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. రక్తం పరీక్షిస్తే ఎర్ర కణాలు చిన్నవిగా, హీమోగ్లోబిన్ ఏ2 ఎక్కువగా కనిపిస్తాయి. ఇనుము లోపమని పొరబడి మాత్రలిచ్చినా కణాలు పెరగవు. కొడవలి కణ వ్యాధి వాహకుల్లో మామూలు హీమోగ్లోబిన్, మారిన హీమోగ్లోబిన్ రెండూ తయారవుతూనే ఉంటాయి. మెండెల్ బఠానీల్లోనూ ఇదే కథ. ముడతల లక్షణం ఒకవైపు నుంచే వచ్చిన గింజ గుండ్రంగానే ఉంటుంది. కోసి చూస్తే పిండి రేణువులు మాత్రం రెండింటికీ మధ్యరకం. అడగినది మన కంటికే.

గణితం మాస్టారు: మీ గొడవలో లెక్క మరిచారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులై, అక్కకు వ్యాధి ఉండి, తమ్ముడికి లేదని తేలితే అతడు వాహకుడయ్యే అవకాశం సగం కాదు, మూడింట రెండు. తల్లిదండ్రుల జన్యువులు కలిసే నాలుగు గళ్లలో వ్యాధి గడి ఒకటి ముందే కొట్టేశాం కదా. ఇంకొకటి: పదివేల మందిలో ఒకరికి వచ్చే అంతర్గత వ్యాధికి వాహకులు సుమారు 50 మందిలో ఒకరు. ఈ లెక్కకు గణితవేత్త హార్డీ, వైద్యుడు వైన్‌బర్గ్ 1908లోనే దారి చూపారు.

పద్యప్రియ: గణితం గారూ, నేనడిగింది మూడు పాదాలు.

సూక్ష్మదర్శిని: అవి దొరికేలోగా “ఒంటి” సంగతి చూడండి. వర్ణాంధత, హీమోఫీలియా ఎక్స్ క్రోమోజోము మీదివి. మగవాడికి ఆ క్రోమోజోము ఒక్కటే, అక్కడ ఒంటి నున్నదే వెలుగుతుంది! పాదం తిరగబడుతుంది.

అరసున్న: ఒంటి అంటే జతగా వేరే రకం ఉన్నది అని. జతే లేనిది కాదు.

నిఘంటుప్రేమి: ఏ నిఘంటువులో?

అరసున్న: సందర్భంలో. “జంట” అంటే కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలాంటివి రెండు కానక్కర్లేదు. ఒకే జన్యువులో తల్లి నుంచి ఒక రకం లోపం, తండ్రి నుంచి మరో రకం లోపం వచ్చినా వ్యాధి వెలుగుతుంది.

భాగవతాభిమాని: వ్యాధి “వెలగడం” ఏమిటండీ, చెవికి ముల్లులా ఉంది. “జంట వెడలు” అయి ఉంటుంది. వెడలు కూడా నగణమే.

పద్యప్రియ: మాస్టారు “వె” దగ్గర చెయ్యి పైకెత్తేవారు. తరువాతి అక్షరం లు అనో డ అనో తేల్చగలవారు చెప్పండి. నడగు సంగతి తరువాత చూద్దాం.