గండమ్ ఎవరి పుణ్యం? టోమినోదా, బొమ్మల కంపెనీదా?

సిద్ధు_ఆర్ఎక్స్:
1979 నాటి జపాన్ యానిమే (కార్టూన్) సీరియల్, మొదటి గండమ్, 43 ఎపిసోడ్లూ చూసేశాను. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అంతకుముందు మాజింగర్ జెడ్ (1972) రకం సీరియళ్ళలో పెద్ద రోబో అంటే ఊరిని కాపాడటానికి దిగివచ్చిన దేవుడి టైపు. గండమ్‌లో అది సైన్యం చేయించిన యంత్రం. దెబ్బ తింటే రిపేరుకు వెళ్తుంది, తూటాలు అయిపోతాయి, లోపల కూర్చున్న అమురో అనే కుర్రాడు ఇక నావల్ల కాదని మొరాయిస్తాడు. డైరెక్టర్ యోషియుకి టోమినో, తీసింది సన్‌రైజ్ స్టూడియో, స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ.

ఇక ప్రశ్న. ఇన్నేళ్ళయినా ఇది బతికి ఉందంటే కారణం టోమినో బుర్రా, తర్వాత బందాయ్ అనే ఇంకో బొమ్మల కంపెనీ తెచ్చిన, ముక్కలు జోడించి రోబో చేసుకునే ప్లాస్టిక్ కిట్లా? మా రూమ్‌లో ఇదే గొడవ నడుస్తోంది, పెద్దలు తేల్చండి.

నిప్పర్_నాని:
ఇందులో తేల్చడానికి ఏముంది తమ్ముడూ. సీరియల్ 1979 ఏప్రిల్‌లో మొదలైంది, 52 ఎపిసోడ్లు అనుకున్నారు, రేటింగులు రాక, క్లోవర్ బొమ్మలు కదలక 43తో 1980 జనవరిలో సర్దేశారు. దీన్ని మన భాషలో ఫ్లాప్ అంటారు. అదే ఏడాది జులైలో బందాయ్ 300 యెన్లకు చిన్న కిట్ దించింది, స్కూలు పిల్లాడు దాచుకున్న చిల్లరతో కొనుక్కోగల ధర. ఆ తర్వాతే షాపుల ముందు క్యూలు. కిట్లు లేకపోతే ఇవాళ టోమినో పేరు మనదాకా వచ్చేదే కాదు. ఇంకో మాట, కిట్ అంటే ఆటబొమ్మ అని చులకన చేసేవాళ్ళు ఒక్కసారి నిప్పర్ (చిన్న కట్టర్) పట్టుకుని రన్నర్ (ముక్కలన్నీ అతికి ఉండే ప్లాస్టిక్ చట్రం) నుంచి ముక్కలు కత్తిరించి చూడండి. ఒకే రన్నర్‌లో నాలుగు రంగుల ప్లాస్టిక్ పోస్తారు షిజువోకాలోని బందాయ్ ఫ్యాక్టరీలో. గ్లూ అక్కర్లేదు, పెయింట్ అక్కర్లేదు. ఇదీ కళే.

పాతచింత_మాస్టారు:
నానీ, నువ్వు చెప్పేది తండ్రి కంటే కొడుకు ముందు పుట్టాడన్నట్టుంది. చివరి ఎపిసోడ్ జనవరిలో, కిట్ జులైలో. చూసే జనమే లేకపోతే ఆ మధ్యలో బందాయ్ వాళ్ళకు కలొచ్చిందా? సీరియల్ నడుస్తున్నప్పుడే హైస్కూలు, కాలేజీ పిల్లలు పట్టుకున్నారు, యానిమే పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి, మళ్ళీ ప్రసారం చేస్తే ఇంకా పెరిగారు. జనం ఉన్నారు కాబట్టి కిట్ వచ్చింది.

ఇక బొమ్మల కంపెనీ చేసిన మేలు చూద్దాం. యుద్ధయంత్రం కదా, తెల్లగా ఉంటే చాలని తీసేవాళ్ళ ఆలోచన. షాపులో మెరవాలి కాబట్టి ఎరుపు, నీలం, పసుపు పూయించింది స్పాన్సర్. సీరియల్ సగంలో జీ-ఫైటర్ అని ఒక బండిని దూర్చారు. గండమ్‌ను నడుం దగ్గర విడదీసి దానికి తగిలించి, అంతా కలిపి ఒక పెట్టెలో సెట్టుగా అమ్ముకోవడానికి. కథకు దాని అవసరం ఆవగింజంత లేదు. 1981, 82లో సీరియల్‌ను మూడు సినిమాలుగా కూర్చినప్పుడు టోమినో ఏం చేశాడు? జీ-ఫైటర్‌ను పీకేసి కోర్ బూస్టర్ అనే చిన్న విమానం పెట్టాడు. మూడో సినిమాకు గన్‌ట్యాంక్ అనే ఇంకో రోబో కూడా మాయం. చేతికి కత్తెర దొరగ్గానే ఆయన కత్తిరించింది ఏమిటో చూస్తే చాలు, ఎవరు ఎవరికి అడ్డం పడ్డారో తెలుస్తుంది.

నిప్పర్_నాని:
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే మాస్టారూ. క్లోవర్ డబ్బులు పెట్టకపోతే కత్తిరించడానికి ఫిల్మ్ ఎక్కడిది? నేను అడిగింది ఒక్కటే, మీరు దానికి జవాబు చెప్పలేదు. 52 అనుకున్నది 43 అయిందా లేదా?

పాతచింత_మాస్టారు:
అయింది. అసలు 39కే ఆపేయమన్నారు, సిబ్బంది బతిమాలి ఇంకో నెల సంపాదించుకుని 43 చేశారు. ఇది ఫ్లాప్ లక్షణమా, పట్టుదల లక్షణమా?

నిప్పర్_నాని:
ఫ్లాప్ లక్షణమే. హిట్టయిన దాన్ని ఎవరూ బతిమాలక్కర్లేదు.

వైజాగ్_వాల్కిరీ:
మళ్ళీ మొదలెట్టారా ఇద్దరూ. పోయినసారి మాక్రాస్ అనే ఇంకో రోబో సీరియల్ చర్చకు కూడా వీళ్ళ వల్లే తాళం పడింది.

పాతచింత_మాస్టారు:
వాల్కిరీ గారూ, అది నా వల్ల కాదు. నానీ, నువ్వు 43 దగ్గరే ఆగిపోతున్నావు. ఇంకో సంగతి విను. 1993లో టోమినోనే తీసిన విక్టరీ గండమ్ అనే సీరియల్‌కు మోటారు సైకిల్ లాంటి యుద్ధనౌకలు పెట్టమని బందాయ్ వైపు నుంచి ఒత్తిడి. పెట్టాడు పాపం. ఆ టైములోనే తెర వెనక సన్‌రైజ్ స్టూడియోనే బందాయ్‌కు అమ్మే బేరం నడుస్తోంది, 1994లో అయిపోయింది కూడా. ఆ తర్వాత ఆ సీరియల్ డిస్కులు కొనొద్దని ఆయనే చెప్పాడంటే మనసు ఎంత విరిగి ఉంటుందో ఆలోచించు. నా సర్వీసంతా ఇలాంటివాళ్ళ కిందే గడిచింది, పాఠం ఎలా చెప్పాలో బడి పెట్టిన కాంట్రాక్టరు చెప్పేవాడు. అందుకే నాకు టోమినో బాధ అర్థమవుతుంది.

సిద్ధు_ఆర్ఎక్స్:
మాస్టారూ సూపర్. అన్నట్టు మొదటి గండమ్‌లో ఆ 15వ ఎపిసోడ్ చూశారా, కుకురుజ్ డోన్ అనే సైనికుడు ఒక దీవిలో పిల్లల్ని పెంచుకుంటూ ఉంటాడే, అది. అందులో అతను నడిపే జాకు అనే శత్రుపక్షం రోబో మూతి సాగిపోయి ఏదో జంతువులా ఉంది, కొన్ని చోట్ల గండమ్ నడుము సన్నగా అయిపోయింది. ఎవడు గీశాడో గానీ వాడికి జీతం దండగ 😂

పాతచింత_మాస్టారు:
టోమినోకే సిగ్గనిపించి ఇంగ్లీషు విడుదలలో ఆ ఎపిసోడ్ వద్దన్నాడు. మంచి కథ, గీత పాడుచేసింది. మాక్రాస్ (1982)లోనూ అంతే, కొరియా స్టూడియోకు పంపిన ఎపిసోడ్లు చూడలేం.

కీఫ్రేమ్_కూకట్‌పల్లి:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఇక వల్ల కాదు. ఇద్దరు పెద్దమనుషులు పొగడ్త ఎవరికివ్వాలని కొట్టుకుంటున్నారు, తిట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ఒక్కడే దొరికాడు: గీసినవాడు. బాగుంటే టోమినో, బాగాలేకపోతే ఎవడో కొరియావాడు.

వారానికో ఎపిసోడ్ టీవీకి అందాలి. ఒకే స్టూడియోలో అంతమంది ఉండరు, బయటికి ఇస్తారు. బయటివాడికి వచ్చేసరికి టైము సగం తినేసి ఉంటారు. మొదటి గండమ్‌కు పాత్రలు రూపొందించి గీతలు దిద్దిన యోషికాజు యసుహికో అంతటివాడే పని తాకిడికి సీరియల్ మధ్యలో ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన మంచం పట్టాక వచ్చిన ఎపిసోడ్లు చూస్తే తేడా తెలుస్తుంది. అది ఎవరి చేతకానితనం?

నేను ఇక్కడ హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో రోటో పని చేశాను. షాట్‌లో నటుడి జుట్టు చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ గీత గీసుకుంటూ పోవడం. బయటి దేశం సినిమా. క్లయింట్ దగ్గర్నుంచి షాట్ రావడమే ఆలస్యం, మాకు మాత్రం డెడ్‌లైన్ కదలదు. రాత్రి రెండింటికి టీ తాగి మళ్ళీ కూర్చునేవాళ్ళం. చివర్లో స్టూడియో మూసేశారు, ఆఖరి జీతాలు ఈ రోజుకీ రాలేదు. సినిమాలో మా పేర్లు లేవు. ఆన్‌లైన్‌లో ఎవడో ఆ షాట్ ఆపి చూపించి, ఇండియాకు ఇస్తే ఇంతే అని నవ్వాడు. సిద్ధూ, అదే నవ్వు నీది.

సిద్ధు_ఆర్ఎక్స్:
అన్నా అంత సీరియస్‌గా కాదు, సరదాకి అన్నాను.

నిప్పర్_నాని:
కీఫ్రేమ్ బ్రో, నీ జీతం ఎగ్గొట్టినవాడికీ గండమ్‌కూ ఏంటి సంబంధం? టాపిక్‌లోకి రా. పైగా ఆ సాగిన మూతి జాకు ఎంత పెద్ద హిట్టో తెలుసా? 2022లో యసుహికోనే ఆ ఎపిసోడ్‌ను సినిమాగా మళ్ళీ తీశాడు, రోబోకు ఆ పొడుగు మూతి కావాలనే ఉంచారు. బందాయ్ ఆ మూతితోనే కిట్ దించింది. నా దగ్గర ఉంది, ప్యానెల్ లైన్లు వేసి మ్యాట్ కోట్ కొట్టాను, కావాలంటే ఫొటో పెడతా.

కీఫ్రేమ్_కూకట్‌పల్లి:
పెట్టన్నా, తప్పకుండా పెట్టు. సొమ్మొకడిది, సోకొకడిది. 1979లో గడువు ముంచుకొచ్చి గీత తప్పితే నలభై ఏళ్ళు నవ్వారు. అదే తప్పు గీతను అచ్చుపోసి పెట్టెలో పెడితే నువ్వు డబ్బిచ్చి కొన్నావు. ఆ గీత గీసిన చేతికి అందులో ఒక్క యెన్ వెళ్ళిందనుకుంటున్నావా? షీటుకు ఇంత అని ఇచ్చేసి దులిపేసుకున్నారు. అసలు మూల రచన క్రెడిట్‌లో టోమినో పక్కన హజిమె యతాతె అని ఇంకో పేరు పడుతుంది, ఎప్పుడైనా ఆయన ఫొటో చూశారా? చూడలేరు, అలాంటి మనిషే లేడు. సన్‌రైజ్ తన సిబ్బంది అందరికీ కలిపి పెట్టుకున్న పేరు. కల్పించినవాళ్ళు పదిమంది, హక్కులకు వారసుడు కంపెనీ.

అంకెలు కావాలా? జపాన్ యానిమేటర్ల సంఘం 2015లో ఇచ్చిన సర్వేలో, ఇన్‌బిట్వీన్, అంటే ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికను నింపే బొమ్మలు, గీసేవాళ్ళ సంపాదన ఏడాదికి సగటున 11 లక్షల యెన్లు. నెలకు లక్ష కూడా కాదు, టోక్యోలో ఒక గది అద్దెకే సగం పోతుంది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో బందాయ్ నామ్కో గ్రూపు ఒక్క గండమ్ మీద చేసిన అమ్మకాలు 14,000 కోట్ల యెన్లు దాటాయి.

పాతచింత_మాస్టారు:
నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే కదా, కంపెనీలు దోచుకున్నాయని.

కీఫ్రేమ్_కూకట్‌పల్లి:
మీరు చెప్పింది ఇది కాదు మాస్టారూ. టోమినోను దోచుకున్నాయని చెప్పారు. ఆయన పేరైనా అందరికీ తెలుసు. కొరియావాళ్ళ బొమ్మలు చూడలేం అన్నది కూడా మీరే.

నిప్పర్_నాని:
ఆగండాగండి. నేను కనీసం జేబులోంచి తీసి పెడుతున్నాను. కస్టమ్స్ వాళ్ళు బాక్సు పగలగొట్టి, పైన మూడొంతులు డ్యూటీ వేసినా కట్టి తెచ్చుకుంటున్నాను. మాస్టారు ఇన్ని నీతులు చెప్తారే, ఆ మూడు సినిమాలు ఎక్కడ చూశారో అడగండి. నాకు లింకు పంపింది ఆయనే! దొంగ సైటులో చూసి కళాకారుడి బాధ అర్థమవుతుందంటే ఎలా?

పాతచింత_మాస్టారు:
అప్పట్లో మన దేశంలో అమ్మితే కదా కొనడానికి! నా పెన్షన్‌లో జపాన్ నుంచి డిస్కులు తెప్పించుకోవాలా? డబ్బున్నవాడికే అభిమానమా? చూసి, రాసి, నలుగురికి చెప్పి, ఈ వేదికలో సగం మందిని ఇటు తిప్పింది నేను. అది లెక్కలోకి రాదా?

నిప్పర్_నాని:
మీ వ్యాసాలతో ఎవడి ఇల్లూ గడవదు మాస్టారూ. నా 2000 రూపాయలతో ఫ్యాక్టరీలో ఒకడికైనా జీతం వస్తుంది.

మోడరేటర్_ఉష:
లింకుల ప్రస్తావన ఇక్కడితో ఆపండి. వ్యక్తిగతంగా వెళ్ళొద్దు.

శ్రావ్య_సెల్:
ఇప్పటికి అసలు విషయం బయటపడింది. గండమ్ ఎవరిది అని కాదు ఇక్కడ గొడవ, నిజమైన అభిమాని ఎవరు, కొన్నవాడా, చూసినవాడా అని. కీఫ్రేమ్ అడిగేదాన్ని ఇద్దరూ దాటేస్తున్నారు.

ఒకటి కలుపుతాను. ఆ రోజుల్లో గీసిన బొమ్మను సెల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీదికి ఎక్కించి వెనకవైపు రంగు నింపేవారు. ఆ రంగులు నింపినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, ఇంటికి తెచ్చుకుని వంటా పిల్లలూ చూసుకుంటూ చేసిన గృహిణులు కూడా. మాస్టారు ఎరుపు నీలం పసుపు గురించి అంత రాశారు, ఆ ఎరుపు పూసింది వాళ్ళే. స్పాన్సర్ రంగు ఇష్టమో కాదో వాళ్ళను ఎవరూ అడగలేదు.

నిప్పర్_నాని:
శ్రావ్య గారూ బాగా చెప్పారు, కానీ ఇంతకీ ఏం చేయమంటారు? కొనకపోతే గీసేవాళ్ళకు ఆ 11 లక్షలు కూడా రావు. కొంటే నేను పాపాత్ముణ్ణి. కంపెనీలు కూడా మునిగాయి, అది ఎవరూ రాయరు. క్లోవర్ 1983లో తాను స్పాన్సర్ చేసిన డన్‌బైన్ సీరియల్ నడుస్తుండగానే దివాలా తీసింది. రిస్కు తీసుకున్నవాడికి లాభం రావడం తప్పా?

కీఫ్రేమ్_కూకట్‌పల్లి:
తప్పని నేను అనలేదు. రిస్కు తీసుకున్నది వాడొక్కడే అన్నట్టు మాట్లాడొద్దంటున్నాను. షీటు లెక్కన బతికేవాడు నెలనెలా ఒళ్ళు పణంగా పెడుతున్నాడు, హిట్టయితే వాడికి వాటా లేదు. జపాన్‌లోనే కొన్ని స్టూడియోలు నెల జీతానికి మనుషుల్ని పెట్టుకుని నడుస్తున్నాయి, క్యోటో యానిమేషన్ ఉంది. అంటే కుదరని పనేం కాదు. కిట్ కొను, బొమ్మ చూడు, నీ ఇష్టం. కానీ గీత చెడిందని నవ్వేముందు దానికి ఎన్ని రోజులు ఇచ్చారో అడుగు.

నిప్పర్_నాని:
అడిగితే చెప్పేవాడెవడు? నేను కస్టమర్‌ని, స్టూడియో మేనేజర్‌ని కాదు. వస్తువు బాగాలేకపోతే బాగాలేదనే అంటాను, హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉంటే వంటవాడి నిద్ర గురించి అడుగుతామా?

కీఫ్రేమ్_కూకట్‌పల్లి:
నేను అడుగుతాను.

పాతచింత_మాస్టారు:
నానీ, ఇంకో సంగతి మిగిలిపోయింది. 43 అయినంత మాత్రాన ఫ్లాప్ కాదు. మళ్ళీ ప్రసారం చేసినప్పటి రేటింగులు చూడు.

నిప్పర్_నాని:
మళ్ళీ ప్రసారం అన్నారంటేనే మొదటిసారి ఆడలేదని ఒప్పుకున్నట్టు కదా మాస్టారూ!