పాత ఓనర్ కట్టిన ట్యాక్స్ చూసి ఇల్లు కొనొచ్చా? (ఫ్రిస్కో, కాలిన్ కౌంటీ, టెక్సాస్)

ప్లేనో కొత్తబ్బాయి:

అందరికీ నమస్కారం. మేం డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఫ్రిస్కోలో ఒక రీసేల్ ఇల్లు చూశాం, 6 లక్షల డాలర్లకి అటూ ఇటూగా వస్తుంది. పోయినేడాది ప్రాపర్టీ ట్యాక్స్ 5,700 అని లిస్టింగులో రాశారు. దాన్ని పన్నెండుతో భాగించి నెలవారీ లోన్‌కి కలిపి చూస్తే మా బడ్జెట్‌కి సరిగ్గా సరిపోతోంది. కానీ ఆఫీసులో ఒకాయన "ఆ నంబరు నమ్మకు, కౌంటీ రికార్డు చూసుకో" అన్నాడు. తీరా తెరిస్తే మార్కెట్ వాల్యూ, అప్రైజ్డ్ వాల్యూ, క్యాప్ లాస్, ట్యాక్సబుల్ వాల్యూ... ఒక్క ఇంటికి ఇన్ని ధరలేంటో బుర్రకెక్కలేదు. మన దగ్గరైతే ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ వాల్యూ చూసుకుంటే పనైపోతుంది. ఇక్కడ ఏది చూడాలి?

ఇంకో డౌటు. ఊరికే మా మేనేజరు పేరు కొట్టి చూస్తే ఆయన ఇల్లు, అడ్రసు, విలువ అన్నీ వచ్చేశాయి. ఇది లీగలేనా?

ఫ్రిస్కో పాతకాపు:

తమ్ముడూ, ముందు మీ ఆఫీసాయనకి ఒక కాఫీ ఇప్పించు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

మొదట ఒకటి తెలుసుకో. టెక్సాస్‌లో ఇంటికి విలువ కట్టేవాళ్లు వేరు, పన్ను వసూలు చేసేవాళ్లు వేరు, దస్తావేజు దాచేవాళ్లు వేరు. విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, మేం క్యాడ్ అంటాం. బిల్లు పంపి డబ్బు తీసుకునేది కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. డీడ్ రికార్డు చేసేది కౌంటీ క్లర్క్. మూడింటికీ మూడు వెబ్‌సైట్లు. చాలామంది ట్యాక్స్ ఆఫీసుకి ఫోన్ చేసి "నా ఇంటి విలువ ఎక్కువ వేశారు" అని గొడవ పెట్టుకుంటారు. పాపం వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఇంకో తిరకాసు, ఫ్రిస్కో మొత్తం కాలిన్ కౌంటీలో లేదు, పడమటి వైపు డెంటన్ కౌంటీ. అడ్రసులో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన కాలిన్‌లో వెతికితే దొరక్కపోవచ్చు.

ఇప్పుడు నువ్వు తెరిచిన ఆ రికార్డు పేజీ చదువుదాం. మార్కెట్ వాల్యూ అంటే జనవరి 1న ఆ ఇల్లు అమ్మితే ఎంత వస్తుందని క్యాడ్ వేసిన అంచనా. స్థలానికి కొంత, కట్టడానికి కొంత అని విడివిడిగా చూపిస్తారు. దాని కింద అప్రైజ్డ్ వాల్యూ. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. సొంతింట్లో ఉంటూ హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతింట్లో ఉండేవాళ్లకి ఇచ్చే పన్ను మినహాయింపు) పెట్టుకున్నవాళ్లకి ఈ విలువ ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెరగకూడదని చట్టం, దీన్నే క్యాప్ అంటారు (కొత్తగా కట్టుకున్న గది, పూల్ లాంటివి దీనికి అదనం). 2021, 2022లో ఇళ్ల ధరలు ఆకాశానికి పోయినప్పుడు మార్కెట్ వాల్యూ ఎక్కడికో పోయింది, పాత ఓనర్ల అప్రైజ్డ్ వాల్యూ మాత్రం పదేసి శాతం చొప్పున కుంటుకుంటూ వెనకాల నడిచింది. ఆ రెంటి మధ్య తేడానే నువ్వు చూసిన క్యాప్ లాస్. పేరులో లాస్ ఉన్నా ఓనర్‌కి అది లాభమే. ఆ అంకె ఎంత పెద్దదైతే, కొనేవాడికి అంత పెద్ద దెబ్బ.

ఎందుకంటే ఆ క్యాప్ మనిషిది, ఇంటిది కాదు. ఇల్లు చేతులు మారాక వచ్చే జనవరి 1న అది ఎగిరిపోతుంది. నువ్వు ఈ ఏడాది మధ్యలో కొంటే ఈ ఏడాదికి ఆయన క్యాపే నడుస్తుంది కాబట్టి బిల్లు చల్లగానే ఉంటుంది. వచ్చే ఏడాది పూర్తి మార్కెట్ వాల్యూ మీద వస్తుంది. నీ సొంత 10 శాతం క్యాప్ ఆపై ఏడాది నుంచి.

లెక్క వేసి చూపిస్తా. రేట్లు ప్రతి 100 డాలర్ల విలువకి ఇంత అని చెబుతారు. సులువు కోసం స్కూల్ డిస్ట్రిక్ట్‌కి 1 డాలర్, సిటీ, కౌంటీ, కాలేజీ మూడూ కలిపి 65 సెంట్లు అనుకో. అసలు రేట్లు నీకు ఆ పేజీలోనే దొరుకుతాయి. మార్కెట్ వాల్యూ 6 లక్షలు, పాత ఓనర్ అప్రైజ్డ్ వాల్యూ 4,30,000 అనుకుందాం. స్కూల్ ట్యాక్స్‌కి హోమ్‌స్టెడ్ కింద 1,40,000 మినహాయింపు (2023లో దీన్ని లక్ష చేశారు, 2025 నుంచి 1,40,000). మిగిలిన 2,90,000 (ఇదే ట్యాక్సబుల్ వాల్యూ) మీద 2,900. మిగతా మూడింటికీ 4,30,000 మీద 2,795. మొత్తం 5,695. నీ లిస్టింగు నంబరు దగ్గరికే వచ్చింది చూడు.

అదే ఇల్లు నీ పేరు మీద, నువ్వు హోమ్‌స్టెడ్ పెట్టుకున్నాక: స్కూల్‌కి 4,60,000 మీద 4,600, మిగతావాటికి 6 లక్షల మీద 3,900. మొత్తం 8,500. హోమ్‌స్టెడ్ పెట్టడం మర్చిపోతే 9,900. సిటీ, కౌంటీ కూడా కొంత మినహాయింపు ఇస్తాయి కాబట్టి అసలు బిల్లు కొంచెం తగ్గుతుంది, కానీ 5,700 మాత్రం కలలో మాట. నెలకి 475 అనుకున్నది 700 పైన పడుతుంది.

ఓనర్ పెద్దాయనైతే తేడా ఇంకా ఎక్కువ. 65 దాటినవాళ్లకి స్కూల్ ట్యాక్స్ పెరగకుండా ఆపేస్తారు. వయసు విషయం ఆన్‌లైన్‌లో పెట్టరు కాబట్టి, స్కూల్ ట్యాక్స్ మరీ తక్కువగా కనబడితే నువ్వే ఊహించుకోవాలి.

ఆ పేజీలో పన్ను వేసే సంస్థల పట్టీ ఉంటుంది, అది తప్పకుండా చదువు. అందులో మడ్ అనో, మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగు. ఊరి చివర కొత్త కమ్యూనిటీల్లో నీళ్లకీ డ్రైనేజీకీ తెచ్చిన బాండ్ల అప్పు అలా తీరుస్తారు. రేటు మీద ఇంకో 50 సెంట్లు పడినా ఆశ్చర్యం లేదు. పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని ఇంకోటుంది, అది ఈ పట్టీలో కాక వేరే అసెస్‌మెంట్‌గా వస్తుంది. దాని గురించి సెల్లర్‌ని రాతపూర్వకంగా అడుగు.

ఇవన్నీ నాకు పుస్తకం చదివితే రాలేదు. 2016 మేలో కొత్త ఇల్లు తీసుకున్నాం. ఆ జనవరి 1 నాటికి మా స్థలంలో పునాది కూడా లేదు, ఎర్ర జెండాలు పాతిన మట్టి తప్ప. కాబట్టి ఆ ఏడాది పన్ను ఖాళీ స్థలానికి వేశారు, 2,000 లోపే. లోన్ కంపెనీ అదే మా అసలు పన్ను అనుకుని ఎస్క్రో (పన్ను కట్టడానికని లోన్‌తో పాటు నెలనెలా మన దగ్గర తీసుకునే డబ్బు) తగ్గించింది, పైగా మిగులు అంటూ ఒక చెక్కు కూడా పంపింది. మేం ఎగిరి గంతేసి ఆ డబ్బుతో ఇండియా టికెట్లు కొన్నాం. 2017 బిల్లు పూర్తి ఇంటికి వచ్చింది, 8,700. లోన్ కంపెనీ కట్టేసింది. తర్వాత ఒక కవరొచ్చింది. పాత లోటు పన్నెండు నెలల్లో తీర్చాలి, ముందు ముందుకి కూడా సరిపడా వేయాలి. రెండూ కలిపి నెలకి 1,100 డాలర్లు పెరిగింది. మా ఆవిడ ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద అతికించింది, ఏడాదంతా అక్కడే ఉంది. రికార్డులో ఇంప్రూవ్‌మెంట్ వాల్యూ, అంటే కట్టడం విలువ, సున్నా అని అప్పుడే ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ చెక్కు ముట్టేవాళ్లం కాదు. రీసేల్ ఇంట్లోనూ జరిగేది ఇదే నాటకం, పాత్రలే వేరు. దెబ్బ తగిలేది రెండో ఏడాదే.

హోమ్‌స్టెడ్ సంగతి: ఇంట్లో చేరాక డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త అడ్రసు మార్పించుకో, అది తప్పనిసరి. తర్వాత ఫారం 50-114 నింపి క్యాడ్‌కి పంపు. రూపాయి ఖర్చు లేదు. గ్రీన్ కార్డు కావాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు, ఇల్లు నీదై, అందులో నువ్వుంటే చాలు. గడువు ఏప్రిల్ 30 అయినా ఆలస్యంగా పెట్టుకునే వీలుంది. ఇల్లు కొన్న నెలకే "మీ హోమ్‌స్టెడ్ మేం ఫైల్ చేస్తాం", "మీ డీడ్ కాపీ తెప్పిస్తాం" అంటూ సర్కారు ముద్ర లాంటి బొమ్మ వేసి వందకో నూటయాభైకో ఉత్తరాలు వస్తాయి. అవన్నీ చెత్తబుట్టకే. కానీ క్యాడ్ నుంచే ఉత్తరం వస్తే పారేయకు. మనం ఇంకా అదే ఇంట్లో ఉన్నామా అని వాళ్లు ఐదేళ్లకోసారైనా సరిచూడాలని 2023లో చట్టం చేశారు.

ప్లేనో కొత్తబ్బాయి:

అన్నా, చేతులెత్తి దండం. ఒకటి అర్థం కాలేదు. ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో కౌంటీ రికార్డులో ఎక్కడా లేదు. అది తెలియకుండా మార్కెట్ వాల్యూ ఎలా వేస్తారు?

ఫ్రిస్కో పాతకాపు:

మంచి ప్రశ్న. టెక్సాస్‌లో అమ్మకం ధర ప్రభుత్వానికి చెప్పాలన్న రూలు లేదు. డీడ్‌లో పది డాలర్లు, ఇతర ప్రతిఫలం అని రాసి వదిలేస్తారు. అందుకే కొన్నాక క్యాడ్ నుంచి "మీరు ఎంతకి కొన్నారు?" అని సర్వే ఫారం వస్తుంది. చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం. వాళ్లు వేసిన విలువ కంటే తక్కువకి కొన్నావా, ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ కాగితాలు జాగ్రత్తగా దాచుకో, ప్రొటెస్ట్‌లో (విలువ తగ్గించమని క్యాడ్‌కి పెట్టుకునే అభ్యంతరం) అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఎక్కువకి కొన్నావా, నోరు మెదపకు.

ప్రొటెస్ట్ గడువు మే 15, లేదా క్యాడ్ విలువ నోటీసు పంపాక 30 రోజులు, ఏది తర్వాతైతే అది. ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ముందు క్యాడ్ ఉద్యోగితో మామూలుగా మాట్లాడతావు, కుదరకపోతే రివ్యూ బోర్డు. ఫారంలో మార్కెట్ విలువ ఎక్కువ వేశారన్నదీ, చుట్టుపక్కల ఇళ్లతో పోలిస్తే ఎక్కువ వేశారన్నదీ రెండూ టిక్ పెట్టు. రెండోదానికి సేల్ ధరలు అక్కర్లేదు, పక్కిళ్ల విలువలు క్యాడ్ సైట్‌లోనే ఉన్నాయి. అదే సైజు, అదే ఏడాది కట్టిన ఐదారు ఇళ్లు తీసి చదరపు అడుగుకి ఎంత వేశారో ఒక కాగితం మీద రాసుకో.

దానికంటే ముందు నీ ఇంటి వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. మా వీధిలో ఒకాయనకి నాలుగేళ్లు రికార్డులో స్విమ్మింగ్ పూల్ ఉంది. ఇంటి వెనక ఉన్నది కరివేపాకు కుండీలు, పిల్లల ఉయ్యాల. ఫోటో తీసి పంపితే పూల్ తీసేశారు. గడిచిపోయిన ఏళ్లకి కట్టిన పన్ను కోసం మాత్రం చాలా తిరగాల్సి వచ్చింది.

పేరు కొడితే ఇల్లు రావడం లీగలే, అది పబ్లిక్ రికార్డు. జడ్జీలు, పోలీసులు లాంటి కొందరికే దాచుకునే వీలుంది. మనవాళ్లలో పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు అబ్బాయి ఇల్లు నిజమా కాదా అని ఇక్కడే చూస్తారు, తెలుసా!

ఎడిసన్ అక్క:

మధ్యలో దూరుతున్నాను, వేరే రాష్ట్రం వాళ్లెవరైనా చదువుతుంటే కంగారు పడకండి. మా న్యూజెర్సీలో ఇదంతా వేరు. ఇక్కడ విలువ కట్టేది మున్సిపాలిటీ అసెసర్, కౌంటీ కాదు. బిల్లు మూడు నెలలకోసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తారీఖుల్లో. అమ్మకం ధర కూడా పబ్లిక్కే, కాబట్టి పక్కింటాయన ఎంతకి కొన్నాడో దాచలేడు. విలువ నోటీసు చిన్న పోస్ట్‌కార్డులా వస్తుంది, మావారు కూపన్ అనుకుని పారేశారు ఒకసారి. మా మిడిల్‌సెక్స్ కౌంటీలో అప్పీలుకి మామూలుగా ఏప్రిల్ 1 ఆఖరు.

కమ్మింగ్ వాసి:

మా జార్జియాలోనూ కొత్తవాళ్లకి ఒక భ్రమ కలుగుతుంది. ఇక్కడ అసెస్డ్ వాల్యూ అంటే మార్కెట్ విలువలో 40 శాతం. 5 లక్షల ఇంటికి 2 లక్షలే ఉందని సంతోషపడకండి, మిల్లేజ్ రేటు, అంటే పన్ను రేటు, ఆ 40 శాతం మీదే, వెయ్యికి ఇంత అని వేస్తారు. హోమ్‌స్టెడ్‌కి మామూలుగా ఏప్రిల్ 1, అప్పీలుకి నోటీసు తేదీ నుంచి 45 రోజులు.

ఫ్రిస్కో పాతకాపు:

తమ్ముడూ, ఆఖరుగా ఒకటి మర్చిపోయాను. బిల్లు అక్టోబరు, నవంబర్లలో వస్తుంది, జనవరి 31 లోపు కట్టాలి. ఫిబ్రవరి 1 పడిందంటే 7 శాతం అదనం. లోన్ కంపెనీ కడుతుందిలే అని కూర్చోకు. లోన్ చేతులు మారిన ఏడాది పాత కంపెనీ కొత్తవాళ్లు కడతారని, కొత్త కంపెనీ పాతవాళ్లు కట్టారని ఊరుకున్న కేసు నా కళ్లతో చూశాను. సంక్రాంతికి ముగ్గు వేశాక ఒకసారి ట్యాక్స్ ఆఫీసు సైట్ తెరిచి బాకీ సున్నా ఉందో లేదో చూసుకో, రసీదు దించి పెట్టుకో. ఐటమైజ్ చేస్తే (ఖర్చులు విడివిడిగా చూపిస్తే) ఫెడరల్ రిటర్న్‌లోనూ పనికొస్తుంది.

ప్లేనో కొత్తబ్బాయి:

చూశానన్నా. ఆ ఇంటి డీడ్ తేదీ 2011. క్యాప్ లాస్ వరసలో 1,62,000 ఉంది. మడ్ లేదు. ఎస్క్రో 8,500 మీద లెక్క వేసి పంపమని లోన్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను, "పోయినేడాది బిల్లు 5,700 కదండీ" అని ఆవిడ తిరిగి రాసింది. మీ లెక్క కాపీ చేసి పంపాను. మా ఆవిడ మాత్రం బడ్జెట్ 5 లక్షల 40 వేలకి దించేసి మళ్లీ మెకిన్నీ ఇళ్లు వెతుకుతోంది. మేనేజరు ఇంట్లో మాత్రం పూల్ నిజంగానే ఉంది, పోయినవారం పార్టీకి వెళ్లొచ్చాం.