మా సముదాయంలో కొత్త ఫ్లడ్‌లైట్లు: రాత్రి ఆకాశం కోసం సంఘాన్ని ఎలా ఒప్పించాలి?

ప్రశ్న – తెల్లాపూర్ నివాసి

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఆటస్థలం చుట్టూ, ప్రహరీ పొడవునా పాత దీపాలను తీసేసి తెల్లని ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు పెట్టించాలని నివాసుల సంఘం ఆలోచిస్తోంది. ఇప్పటికే రెండు బ్లాకుల దగ్గర వాటిని బిగించారు. చలికాలంలో మేడ మీద నుంచి పిల్లలకు ఆకాశంలో గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపులను చూపించేవాళ్లం. ఇప్పుడు గొల్లకావడిలోని మూడు చుక్కలు మాత్రమే తెలుస్తున్నాయి, పిల్లలకోడి అసలు కంటికి ఆనడం లేదు. భద్రతకు లోటు రాకుండా వచ్చే సమావేశంలో ఏమి కోరితే బాగుంటుందో దయచేసి చెప్పండి.

జవాబు – విద్యుత్ ఇంజనీరు, కూకట్‌పల్లి

దీపాలు వద్దనకండి, ఆ మాటతో చర్చ అక్కడే ఆగిపోతుంది. వెలుగు ఎటు పోతోందో చూపించండి. ఫ్లడ్‌లైటును ఏటవాలుగా పైకి తిప్పి బిగిస్తే అందులో కొంత వెలుగు నేల మీద పడకుండానే ఆకాశంలోకి పోతుంది, దానికి కూడా సంఘమే బిల్లు కడుతుంది. దీపం ముఖం పూర్తిగా నేల వైపుకు ఉండి, పక్కలకూ పైకీ వెలుగు పోకుండా కప్పు ఉన్న రకం అడగండి.

రంగు కూడా ముఖ్యమే. దీపం వెలుగు రంగును కెల్విన్ అనే కొలతలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపుకు మారుతుంది. పెట్టె మీద 6500 కెల్విన్ అని రాసి ఉన్న దీపంలో నీలి కాంతి పాలు ఎక్కువ. గాలిలోని అణువులు ఎరుపు కంటే నీలాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి, పగటి ఆకాశాన్ని నీలంగా చేసే ఆ ప్రక్రియే రాత్రి నగరం మీద తెల్లని వెలుగు తెర కడుతుంది. చలికాలపు పొగ, దుమ్ము దాన్ని మరింత చిక్కగా చేస్తాయి. 3000 కెల్విన్ మించనివి, వీలైతే 2700 లేదా 2200 ఉన్నవి కోరండి. ఆటస్థలంలో పిల్లలు లేని వేళ దీపాలు ఆరేలా టైమర్ పెట్టించవచ్చు.

జవాబు – ఉప్పల్ నివాసి

నాకూ ఆకాశమంటే ఇష్టమే కానీ, రాత్రి డ్యూటీ ముగించుకొని ఒంటరిగా ఇంటికి వచ్చే ఆడపిల్లల మాట కూడా తలచుకోండి. మా వీధిలో దీపాలు లేని రోజుల్లో ఎంత భయపడ్డామో నాకు తెలుసు.

జవాబు – విద్యుత్ ఇంజనీరు, కూకట్‌పల్లి

మీ ఆందోళన న్యాయమైనదే అమ్మా, దారిలో దీపాలు ఉండి తీరాలి. అయితే కళ్లలోకి సూటిగా కొట్టే వెలుగు ముందు కంటిపాప ముడుచుకుపోయి, దాని వెనుక నీడలో నిలబడిన మనిషి కనబడడు. సమానంగా పరచుకున్న మెత్తని వెలుగులోనే మనిషి ముఖం స్పష్టంగా తెలుస్తుంది. సంఘం పెద్దలను రాత్రివేళ ఆ కొత్త దీపాల కింద ఒకసారి నడిపించి చూడమనండి.

జవాబు – ఖగోళ ఆసక్తిపరుడు, తార్నాక

హైదరాబాదుకు నక్షత్రాల చదువు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల, నక్షత్రాల స్థానాలను ఫొటోల ద్వారా నమోదు చేసిన అంతర్జాతీయ ప్రణాళికలో ఆకాశంలోని ఒక భాగాన్ని చేపట్టి పూర్తి చేసింది. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, రంగాపూర్ దగ్గర నిలిపింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. దూరదర్శినికి చీకటి వెతుక్కుంటూ ఊరు దాటి వెళ్లవచ్చు, ఇక్కడ పెరిగే పిల్లలు ఎక్కడికి పోతారు?

లద్దాఖ్‌లోని హాన్లేను సంఘం ముందు ఉదాహరణగా పెట్టండి. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు ఊళ్లలో దీపాలను తీసివేయలేదు. వెలుగు పైకి పోకుండా కప్పులు వేసుకోవడం, ఇళ్లకు మందపాటి తెరలు కట్టుకోవడం వంటి ఏర్పాట్లు చేసుకున్నారు. అక్కడి యువతీయువకులు సందర్శకులకు దూరదర్శినితో ఆకాశం చూపిస్తూ ఆదాయం కూడా పొందుతున్నారు.

జవాబు – తెల్లాపూర్ నివాసి

అందరికీ కృతజ్ఞతలు. మొత్తం ఆర్డరు ఇవ్వకముందే ఒక బ్లాకులో 2700 కెల్విన్ దీపాలను కప్పులతో, టైమరుతో నెల రోజులు పెట్టి చూడమని లిఖితపూర్వకంగా కోరుతాను. ఉప్పల్ నివాసి గారూ, రాత్రి డ్యూటీకి వెళ్లే మా సముదాయంలోని స్త్రీలను ముందుగా అడిగి, వారు ఎక్కడెక్కడ వెలుగు కావాలంటే ఆ చోట్లన్నీ ఆ లేఖలో రాస్తాను.