ఒంటికన్ను పిల్లికి కూడా ‘స్పెషల్ నీడ్స్’ టిక్ పెట్టాలా?

గుడ్లగూబ_07:
మా రెస్క్యూలో దత్తతకు పెట్టే కుక్కలు, పిల్లుల వివరాలు రాసే పని ఆరు నెలలుగా నాదే. ఫారంలో ‘స్పెషల్ నీడ్స్’ అని ఒకే ఒక్క గడి ఉంటుంది, పెడితే టిక్ పెట్టాలి, లేదంటే వదిలేయాలి. మా దగ్గరున్న ఒక పిల్లికి చిన్నప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చి ఒక కన్ను తీసేశారు. అది మానిపోయి ఎన్నాళ్లో అయింది, ఇప్పుడు ఒక్క గెంతులో బీరువా మీదుంటుంది. దానికీ అదే టిక్, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేయాల్సిన ముసలి పిల్లికీ అదే టిక్. ఒంటికన్ను దాని కోసం ఇప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇంకోపక్క, నడుము కింద చచ్చుబడిపోయిన కుక్క గురించి ‘కాస్త ఎక్కువ ప్రేమ కావాలి’ అని నేనే ముద్దుగా రాశా. తీసుకెళ్లినవాళ్లు ఐదో రోజుకి ఏడుస్తూ వెనక్కి తెచ్చిచ్చారు. వాళ్లని ఏమనగలం? మీరెలా రాస్తున్నారో చెప్పండి.

నాలుగు_చక్రాలు:
ఏమనుకోకండి గానీ ఆ ‘ఎక్కువ ప్రేమ’ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి కుక్కే మూడేళ్లుగా నా దగ్గరుంది. దానికి మూత్రం తనంతట తాను పోయడం రాదు, రోజుకు మూడు నాలుగుసార్లు మనమే నొక్కి పోయించాలి. పొట్ట వెనక భాగంలో రెండు పక్కలా చేతులు పెట్టి తడిమితే నీళ్లు నింపిన చిన్న బుడగలా తగులుతుంది, దాన్ని మెల్లగా, వదలకుండా నొక్కుతూ పోవాలి. మొదటి వారం నా చేతికి అది దొరికితే ఒట్టు, ఎక్కడ పగిలిపోతుందోనని ఒకటే టెన్షన్. సరిగా ఖాళీ కాకపోతే ఇన్ఫెక్షన్ వస్తుంది, ఈడ్చుకుంటూ తిరిగితే కాళ్లకు పుండ్లు పడతాయి. ఇప్పుడైతే టీవీ చూస్తూ చేసేస్తాను, రెండు నిమిషాల పని. కానీ పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ఒంటరి మనిషికి ఇది కుదరదు, ఎంత ప్రేమున్నా సరే. ఆ ముక్కే రాయండి. ‘మధ్యాహ్నం ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, నొక్కడం మేం నేర్పిస్తాం’ అంటే వచ్చేవాళ్లు తెలిసే వస్తారు.

మీసాల_పాప:
జబ్బు పేరు ఒక్కటే రాసి వదిలేయడం కూడా తప్పే అండి. నేను తెచ్చుకున్న పిల్లికి ‘ఎఫ్‌ఐవీ పాజిటివ్’ (అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ ఉందని) అని మాత్రమే రాశారు. అది చదివి మా అమ్మ, మనకు అంటుకుంటుందని నెల రోజులు దాన్ని ముట్టుకోలేదు. అసలది మనుషులకు రాదు, పిల్లి నుంచి పిల్లికి కూడా ఎక్కువగా లోతుగా కరుచుకుంటేనే వస్తుంది. ఎఫ్‌ఈఎల్‌వీ (ఇదీ పిల్లుల వైరసే, లుకేమియా తెచ్చేది) అలా కాదు, ఉమ్మి ద్వారా, అంటే ఒకదాన్నొకటి నాక్కున్నా ఒకే గిన్నెలో తిన్నా అంటుకోవచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కదా అని రెంటినీ ఒకే గాట కట్టేస్తారు. ఇంకో సంగతి, పిల్లికూనకి ఎఫ్‌ఐవీ టెస్ట్ పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా కావచ్చు, ఆరు నెలలు దాటాక మళ్లీ చేయించాలి. ఈలోపు టిక్ పెట్టేసి మర్చిపోతే, తర్వాత నెగటివ్ వచ్చినా ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది.

చప్పుడులేదు:
టిక్ తీసేయమని మాత్రం ఎవరూ చెప్పకండి ప్లీజ్. నేను వెతికేదే ఆ టిక్ పెట్టి. నాది చెవిటి కుక్క, డబుల్ మెర్ల్, అంటే మెర్ల్ అనే మచ్చల మచ్చల రంగు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినది అన్నమాట. రెండు మెర్ల్ కుక్కల్ని జత కట్టిస్తే ప్రతి పిల్లకీ డబుల్ మెర్ల్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు, వాటిలో చాలావాటికి చెవుడో కంటి లోపమో ఉంటుంది, తెలిసి తెలిసీ కట్టిస్తారు. సరే, అది వేరే కోపం. పిలవాలంటే నేలమీద కాలితో తడతాను, అదిరితే తిరిగి చూస్తుంది, మిగతావన్నీ చేతి సైగలే. కంచె లేని చోట తాడు విప్పను, అంతే. మీ ఒంటికన్ను పిల్లికి టిక్ అక్కర్లేదని నా అభిప్రాయం, దానికి రోజూ చేయాల్సింది ఏమీ లేదు కదా. అలాగని కన్ను సంగతి దాచకండి.

నాలుగు_చక్రాలు:
అన్నట్టు, కరిచే కుక్కల్ని కూడా కొందరు ఈ టిక్ చాటున దాచేస్తున్నారు. అది అన్నిటికన్నా అన్యాయం, పిల్లలున్న ఇంటికి వెళితే ఏం కాను?

గుడ్లగూబ_07:
చాలా థ్యాంక్సండీ. రాత్రి కూర్చుని ఇన్సులిన్ పిల్లిది తిరగరాశాను: ‘పొద్దున, సాయంత్రం పన్నెండు గంటల తేడాతో అన్నం పెట్టి ఇంజెక్షన్ వేయాలి. మీరు ఊరెళితే వేసే మనిషి ఒకరుండాలి. గిన్నెలో మూతి పెట్టిందంటే సూది గుచ్చినట్టు కూడా దానికి తెలియదు.’ ఒంటికన్ను దానికి టిక్ తీసేసి, కన్ను సంగతి మొదటి వాక్యంలోనే పెట్టా. ఒక్క డౌట్, ఫొటో ఏ వైపుది పెట్టాలి? ఇన్నాళ్లూ కన్నున్న వైపుదే ఉంది.

మీసాల_పాప:
ఎదురుగా తీసింది పెట్టండి. బీరువా మీద కూర్చున్నది ఉంటే ఇంకా మంచిది.