తలకోన బైక్ యాత్ర: దారి, తేదీ, బాధ్యతలు

తిరుపతి నుంచి, మార్గం చూసే వాలంటీరు:

సంఘం పెద్దలకు, డాలస్‌లోను తిరుపతిలోను ఈ కార్యక్రమానికి పేరిచ్చిన వాలంటీర్లందరికీ నమస్కారం. శీతకాలపు సెలవులకు ఊరికి వచ్చే సభ్యులు, ఇక్కడి మోటారు సైకిల్ మిత్రులు కలిసి ఒక పగటి యాత్ర చేయాలన్న నిర్ణయం జరిగిపోయింది గనుక, ఇక తేలవలసినవి దారి, తేదీ, ఎవరి పని ఏమిటన్నవే.

ఎక్కువ మంది హార్సిలీ కొండల వైపు మొగ్గుతున్నారు. 1,200 మీటర్లు దాటిన ఎత్తు, చల్లగాలి, పైకి పోయే మలుపుల దారి ఎవరికి మాత్రం చేదు? అయితే తిరుపతి నుంచి అక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, రానూపోనూ 280. ఒంటరిగా పోయేవారికి ఇదేమీ పెద్ద దూరం కాదు గానీ, ఇరవై బండ్లు కలిసి కదిలినప్పుడు ఒకరు పెట్రోలుకు, ఒకరు టీకి, మరొకరు ఫోటోకు ఆగుతూ పోతే, తిరిగి వచ్చేటప్పుడు భాకరాపేట ఘాటు దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకి తీరుతుంది. ఆ ఘాటును చీకట్లో దిగకూడదన్నది నా షరతు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న వారి బస్సు రాత్రివేళ లోయలో పడి పలువురు చనిపోయింది అక్కడే, అదీ మనం తిరిగి రావలసిన దిశలోనే. బాగా నడపగలవారిని చూసి కాక, మనలో అందరికన్నా అనుభవం తక్కువైన వ్యక్తి ఎండ ఉండగా ఇల్లు చేరగలడా లేదా అన్నది చూసి దూరం నిర్ణయించాలని నా మనవి.

అందుచేత తలకోనను ప్రతిపాదిస్తున్నాను. తిరుపతి నుంచి సుమారు 60 కిలోమీటర్లు. చంద్రగిరి కోటను పక్కన పెట్టుకుని, రంగంపేట దాటి, 71వ నంబరు జాతీయ రహదారి మీద ఘాటెక్కి భాకరాపేట చేరితే, అక్కడి నుంచి కుడివైపు మళ్లి నెరబైలు మీదుగా అడవిలోకి పోతాము. ఘాటెక్కే దారిలో ఒక పక్క శేషాచలం కొండలు, మరో పక్క లోయ. మళ్లిన తరవాత ఇరుకు రోడ్డు, మామిడి తోటలు, పల్లెలు, ఆపైన శ్రీవేంకటేశ్వర జాతీయ వనం. 270 అడుగుల ఎత్తు నుంచి పడే జలపాతం, సిద్ధేశ్వరస్వామి గుడి చూసుకుని మధ్యాహ్నానికి వెనక్కి మళ్లవచ్చు. హార్సిలీ కొండలతో పోలిస్తే దూరం సగం కన్నా తక్కువే అయినా, మలుపుల సరదాకు లోటు లేదు.

తేదీ విషయంలో మూడు అడ్డంకులున్నాయి. మన వైపు వాన దేవుడు అక్టోబరులో మొదలుపెట్టి డిసెంబరులో గానీ వదలడు. 2021 నవంబరు వానలకు తిరుపతి ఎలా మునిగిందో ఇక్కడివారు ఎవరూ మరువలేదు. వైకుంఠ ఏకాదశి నుంచి పది రోజులు తిరుపతిలో గది దొరకదు, రోడ్డు కదలదు. కనుమ నాడైతే రంగంపేటలో పశువుల పండగ. కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులను చూడడానికి వచ్చే జనం మధ్య నుంచి ఇరవై బండ్లు తీసుకుపోవడం జరిగే పని కాదు, జరిపించకూడని పని కూడా. ఇవన్నీ తప్పించుకోవాలంటే ఏకాదశి రద్దీ తగ్గాక, భోగికి ముందు ఒక బుధవారం మంచిది. ఆదివారం వద్దంటున్నది ఎందుకంటే, ఆ రోజు తలకోనలో జనం, కార్లు, కోతులు మూడూ ఎక్కువ. ఇక్కడి ఉద్యోగస్థులకు సెలవు పెట్టుకోవలసి వస్తుందన్న మాట నిజమే. ఆ ఒక్క ఇబ్బందికి మాత్రం నా దగ్గర మందు లేదు.

డాలస్ నుంచి, సమన్వయకర్త:

అన్నగారూ, మీరు చెప్పిన దారికి, తేదీకి మా వైపు అభ్యంతరం లేదు. రెండు సందేహాలు మాత్రం ఉన్నాయి. ఉదయాన్నే తిరుమల ఘాటు రోడ్డెక్కి, కొండ దిగి, ఆ తరవాత తలకోనకు పోదామని కొందరు సభ్యులు అడుగుతున్నారు. రెండవది, ఇక్కడ కారు నడిపే లైసెన్సు ఉన్నవారు అక్కడ అద్దె బండి తీసుకుని నడపవచ్చునా అన్నది. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపొందిన పుత్తూరు దగ్గరలోనే ఉంది గనుక ఎముక విరిగినా భయం లేదని ఒకరు హాస్యమాడారు. ఆయన పేరు మాత్రం జాబితాలో చివరన రాశాను.

తిరుపతి నుంచి, మార్గం చూసే వాలంటీరు:

అక్కగారికి, తిరుమల సంగతి ముందు చెబుతాను. 1944లో తెరిచిన మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగడానికి, ఆ తరవాత వేసిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, చిరుతల సంచారాన్ని బట్టి ద్విచక్ర వాహనాలకు వేళలు మారుతుంటాయి, ఎక్కడానికీ దిగడానికీ ఇంత సమయం పట్టాలన్న నియమమూ ఉంది. అన్నింటికన్నా ముఖ్యంగా, అది మొక్కు తీర్చుకోవడానికి పోయేవారి దారి. గుంపుగా, ఒకే రంగు జాకెట్లతో, కెమెరాలు తగిలించుకుని ఆ దారిన పోవడం నాకు సమ్మతం కాదు. దర్శనం చేసుకోదలచినవారు ఇంకొక రోజు కుటుంబంతో పోయి రావడమే మర్యాద.

లైసెన్సు విషయంలో ఏ సడలింపూ ఉండకూడదు. కారు లైసెన్సుతో మోటారు సైకిలు నడపడం కుదరదు. అమెరికా లైసెన్సు ఉన్నవారికి అక్కడ మోటారు సైకిలు అర్హత ఉండాలి, దాని ఆధారంగా బయలుదేరక ముందే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అందులో మోటారు సైకిలు విభాగానికి ముద్ర పడి ఉండాలి. పాత భారతీయ లైసెన్సు ఉన్నవారు గడువు చూసుకోవాలి. గడువు దాటి ఏడాది గడిచిందంటే మళ్లీ పరీక్షకు పోవలసిందే. ప్రయాణ బీమా ఉన్నవారు మోటారు సైకిలు ప్రమాదానికి అది వర్తిస్తుందో లేదో పాలసీ పత్రం చదివి మనకు రాసి ఇవ్వాలి. అద్దె బండి తీసుకునేటప్పుడు అద్దెకు అనుమతి ఉన్న బండికి ఉండే నల్ల పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉందో లేదో చూడండి; సొంత వాడకానికే ఉన్న తెల్ల పలక బండిని అద్దెకిచ్చేవారి దగ్గర ధర తక్కువన్న ఆశకు పోవద్దు. నడిపేవారికీ, వెనక కూర్చునేవారికీ ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ తప్పనిసరి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మరొకటి ఉంది. కుడివైపు నడపడానికి అలవాటుపడినవారు తిరుపతి రద్దీలో పొరబడరు, ఎందుకంటే అక్కడ ముందు బండే దారి చూపిస్తుంది. పొరపాటు జరిగేది టీ తాగి, ఖాళీ రోడ్డు మీద బండి తీసి, ఏదో మాట్లాడుకుంటూ కదిలినప్పుడే. కనుక అయిదేసి బండ్ల జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకు ముందు ఒక ఊరివారిని, చివర ఒక ఊరివారిని పెడదాము. ఎక్కడ ఆగినా ముందు బండి ఎడమ పక్కకు చేరి కదిలేదాకా మరెవరూ కదలకూడదు. ఘాటులో ఒకరి వెనుక ఒకరుగా పోవాలి, జట్టులో ఒకరినొకరు దాటరాదు. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజను పట్టు మీద దిగాలి గానీ, పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేసి బ్రేకుల మీద వేలాడకూడదు. వరసగా నొక్కిన బ్రేకు వేడెక్కి పట్టు వదులుతుంది.

భాకరాపేట కూడలిలో మాత్రం ఒక వాలంటీరు చివరి బండి మళ్లేదాకా నిలబడాలి. అక్కడ తప్పినవారు నేరుగా పీలేరు పోతారు. అడవిలో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేము గనుక దారి పటాన్ని ముందే ఫోనులో దించుకోవాలి. ఉదయం ఆరున్నరకు చంద్రగిరిలో చేరిక, ఏడుకు కదలడం, మధ్యాహ్నం రెండుకు తలకోన వదలడం, నాలుగు లోపల ఘాటు దిగడం. ఇందులో చివరిది మాత్రం మార్చడానికి వీలు లేదు.

తిరుపతి నుంచి, భోజనం, వైద్యం చూసే వాలంటీరు:

మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు, మాంసం తినని వారికి పప్పు, ఊరిబిండి అనుకున్నాము. కడుపు నిండా సంగటి తిని వెంటనే బండెక్కితే నిద్ర తూలుతుంది, కాబట్టి భోజనం పన్నెండుకే ముగించి, రెండుదాకా విశ్రాంతి ఇస్తున్నాము. ప్లాస్టిక్ పళ్లాలు, నీళ్ల ప్యాకెట్లు అడవిలోకి తీసుకురావద్దు. విస్తరాకులు మేమే తెస్తాము. సంచులు బండి మీద వదిలితే కోతులు విప్పుకుంటాయి. జలపాతం కింద కొలనులో దూకడానికి అనుమతించము. అలా దూకి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. చివరి జట్టు వెనుక ఒక కారు వస్తుంది, అందులో ప్రథమ చికిత్స పెట్టె, పంచరు సామాను, అదనపు పెట్రోలు ఉంటాయి. ప్రమాదమైతే 108కి చెప్పి, తిరుపతి ఆసుపత్రులైన స్విమ్స్‌కో రుయాకో తీసుకువస్తాము. ప్రతివారూ రక్త వర్గం, ఇంటివారి నంబరు ముందే నాకు విడిగా పంపాలి.

డాలస్ నుంచి, సమన్వయకర్త:

తిరుమల ప్రస్తావన విరమించుకుంటున్నాము. లైసెన్సు నకలు, బీమా పత్రం ఇవ్వనివారిని వెనుక వచ్చే కారులో కూర్చోబెట్టడానికి సంఘం కార్యవర్గం ఒప్పుకుంది. ముందు బండికి, చివరి బండికి ఊరివారు ఎనిమిది మంది కావాలి, ఇప్పటికి అయిదుగురే పేర్లిచ్చారు. మిగిలిన ముగ్గురి కోసం, ఘాటు పరిస్థితి చూసి రావడానికి వెళ్లే ఇద్దరి కోసం ఈ శనివారం అక్కడ రాత్రి ఎనిమిదికి, ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు మాట్లాడుకుందాము.